ఎలుక మెదడు: ఫిక్సేషన్ నుంచి స్లైడు దాకా న్యూరోసైన్స్ ల్యాబ్ టెక్నీషియన్ పని

వరంగల్, హన్మకొండ, కరీంనగర్ వైపు ఎమ్మెస్సీ జువాలజీయో ఫార్మసీయో చదివి న్యూరోసైన్స్ ప్రాజెక్టుల్లో టెక్నీషియన్లుగా చేరినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటే: "సెక్షన్లకు రంగు సరిగ్గా ఎందుకు ఎక్కట్లేదు?" సెక్షన్లంటే మెదడును పల్చగా కోసిన పొరలు. అడిగేటప్పుడే తప్పు యాంటీబాడీదని (వెదికే ప్రోటీనును పట్టుకునే అణువుదని) తేల్చేసుకుని ఉంటారు. చాలాసార్లు తప్పు దానిది కాదు. మైక్రోస్కోపు కింద ఈరోజు కనిపించే మచ్చ, వారం కింద బఫర్ కలిపినప్పుడో మెదడును గడ్డకట్టించినప్పుడో పడి ఉంటుంది. అప్పటికి ఆ జంతువు ఉండదు, ఆ మెదడు మళ్లీ రాదు.

అందుకే ఈ మార్గదర్శి ఒకే ఒక్క మెదడును పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా నడుస్తుంది. సుమారు 250 గ్రాముల ఎలుక, 40 మైక్రాన్ల సెక్షన్లు, జీఎఫ్ఏపీ అనే ప్రోటీను ఉన్న చోట డీఏబీ అనే రసాయనంతో గోధుమ రంగు తెప్పించే పద్ధతి. ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపు లేని చోట కూడా ఈ పద్ధతి నడుస్తుంది. ఇది చేతికి వస్తే మిగతావి నేర్చుకోవడం తేలిక.

## 1. జంతువును ముట్టుకునే ముందు

మీ సంస్థ జంతు నైతిక కమిటీ ఆమోదం లేకుండా ఏ పనీ మొదలుపెట్టకూడదు. ఆమోద పత్రంలో ఎన్ని జంతువులు, ఏ పద్ధతి, ఎవరి చేతుల మీదుగా అని రాసి ఉంటుంది. మీ పేరు అందులో లేకపోతే, మీకు శిక్షణ ఇచ్చినట్టు రికార్డు లేకపోతే, ఆ రోజు మీరు బఫర్ల పని మాత్రమే చూడండి. మత్తు మందు, దాని మోతాదు ఆమోద పత్రంలో ఉన్నట్టే ఉండాలి. పశువైద్యుడితో మాట్లాడకుండా మార్చకూడదు.

ముందు రోజు సాయంత్రానికి సిద్ధంగా ఉండాల్సినవి:

- ఆమోదం నంబరు, జంతువు నంబరు, గ్రూపు కోడ్ రాసిన నోట్‌బుక్ పేజీ
- 0.2 మోలార్ ఫాస్ఫేట్ బఫర్, కనీసం 1 లీటరు
- హెపారిన్ కలిపిన 0.9 శాతం సెలైన్, జంతువుకు 200 మి.లీ. చొప్పున
- 4 శాతం పారాఫార్మాల్డిహైడ్, జంతువుకు 350 మి.లీ. చొప్పున. కణజాలం చెడకుండా బిగించే ఫిక్సేటివ్ ఇదే, ఆ పనిని ఫిక్సేషన్ అంటారు
- పెన్సిలుతో లేబుల్ రాసిన మూతల సీసాలు. స్పిరిట్ తగిలితే మార్కర్ రాత చెరిగిపోతుంది, పెన్సిల్ రాత ఉంటుంది
- పసుపు సంచి, సూదులు బ్లేడ్లు వేసే తెల్ల డబ్బా, వాడిన ఫార్మాల్డిహైడ్ పోసే మూత సీసా

## 2. నీళ్లు, బఫర్

మన దగ్గర బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువ. ఆ నీళ్లతో ఫాస్ఫేట్ బఫర్ కలిపితే కాల్షియం ఫాస్ఫేట్ సన్నటి తెల్ల నలుసుగా అడుగున దిగుతుంది. రక్తనాళాల్లోకి వెళ్తే దారి మూసుకుంటుంది, సెక్షన్ మీద పడితే మచ్చవుతుంది. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే వాడండి. గాజు సామాను కడిగేటప్పుడు కూడా చివరి తడవ డిస్టిల్డ్ వాటర్‌దే కావాలి. డిస్టిలేషన్ యూనిట్ హీటర్ మీద సున్నం పేరుకుంటే నీళ్ల నాణ్యత పడిపోతుంది, ఎప్పటికప్పుడు గీకించండి.

0.2 మోలార్ ఫాస్ఫేట్ బఫర్, పీహెచ్ 7.4, ఒక లీటరుకు:

- నీరు లేని డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్: 23.0 గ్రాములు
- మోనోసోడియం ఫాస్ఫేట్ డైహైడ్రేట్: 5.93 గ్రాములు

ఇక్కడ జరిగే తప్పు ఒకటే, కానీ పెద్దది. సీసా మీద హైడ్రేట్ ఏదో చూడకుండా తూచేస్తారు. డైసోడియం లవణం నీరు లేనిదైతే అణుభారం 142, డైహైడ్రేట్ అయితే 178, పన్నెండు నీటి అణువులదైతే 358. అదే బఫర్‌కు డైహైడ్రేట్ 28.8 గ్రాములు కావాలి, పన్నెండు నీటి అణువులదైతే 58 గ్రాములు కావాలి. చూసుకోకుండా 23 గ్రాములే వేస్తే బఫర్ బలహీనపడుతుంది, పీహెచ్ కిందికి జారుతుంది. నోట్‌బుక్‌లో ఉప్పు పేరుతోపాటు అణుభారం కూడా రాసే అలవాటు చేసుకోండి.

పీహెచ్ మీటరును 7.0, 9.2 బఫర్ మాత్రల ద్రావణాలతో సరిచూడండి. మనకు కావలసిన 7.4 ఆ రెండింటి మధ్య పడుతుంది. 4.0, 7.0లతో మాత్రమే సరిచూస్తే మన అంకె ఆ పరిధి బయట ఉండిపోతుంది.

సెలైన్‌కు లీటరుకు 9 గ్రాముల సోడియం క్లోరైడ్. హెపారిన్ మి.లీ.కు 10 యూనిట్లు చాలు. మందుల దుకాణంలో దొరికే 5 మి.లీ. సీసాలో మొత్తం 25,000 యూనిట్లు ఉంటే, లీటరు సెలైన్‌కు 2 మి.లీ. కలపాలి.

## 3. పారాఫార్మాల్డిహైడ్: చూపు మరల్చకూడని గంట

పొడి, ఆవిరి రెండూ హానికరం. ఫ్యూమ్ హుడ్ నడుస్తుండాలి, నైట్రైల్ గ్లవ్స్, కళ్లద్దాలు ఉండాలి. మధ్యలో కరెంటు పోయి హుడ్ ఆగితే హీటర్ తీసేసి, బీకరు మూసి, గది బయటికి రండి. పని మళ్లీ మొదలు పెట్టుకోవచ్చు.

ఒక లీటరుకు క్రమం ఇది:

1. 400 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌ను 60 డిగ్రీలకు వేడి చేయండి. థర్మామీటర్ నీళ్లలోనే ఉండాలి. హాట్‌ప్లేట్ మీది అంకెను నమ్మవద్దు.
2. 40 గ్రాముల పొడిని కొద్దికొద్దిగా వేస్తూ కలపండి. పాలలా తెల్లగా ఉంటుంది.
3. 1 నార్మల్ (1N) గాఢత గల సోడియం హైడ్రాక్సైడ్‌ను చుక్క చుక్కగా వేయండి. కొన్ని నిమిషాల్లో ద్రావణం తేటపడుతుంది. తేటపడగానే ఆపండి.
4. హీటర్ తీసేసి 500 మి.లీ. 0.2 మోలార్ ఫాస్ఫేట్ బఫర్ కలపండి.
5. గది వేడికి చల్లారాక పీహెచ్ 7.4కు సరిచేయండి.
6. నీళ్లతో లీటరుకు నింపి, ఫిల్టర్ పేపర్‌లో వడకట్టి, 4 డిగ్రీల్లో పెట్టండి.

త్వరగా కరుగుతుందని 70 డిగ్రీలు దాటిస్తే ఫార్మాల్డిహైడ్ ఆవిరై పోతుంది, చేతికి వచ్చేది 4 శాతం కాదు. తేటపడలేదని హైడ్రాక్సైడ్ గుమ్మరిస్తే పీహెచ్ 9, 10 దాకా పోతుంది, తర్వాత ఆమ్లంతో కిందికి లాగడానికి అరగంట పడుతుంది. ముందు రోజు చేసి మర్నాడు వాడటం మంచి పద్ధతి. వారం దాటిన సీసాను పర్ఫ్యూజన్‌కు (తర్వాతి భాగంలో వస్తుంది) వాడకండి.

## 4. పర్ఫ్యూజన్

రక్తాన్ని సెలైన్‌తో కడిగి, అదే దారిలో ఫిక్సేటివ్‌ను మెదడు లోపలిదాకా పంపడమే పర్ఫ్యూజన్. మెదడును బయటికి తీసి ఊరికే ఫిక్సేటివ్‌లో వేస్తే మందు పైనుంచి లోపలికి నెమ్మదిగా పోతుంది, మధ్యభాగం అప్పటికే చెడడం మొదలవుతుంది. దీన్ని శిక్షణ పొందినవాళ్ల పక్కన నిలబడి నేర్చుకోవాలి. కింద రాసినవి వాళ్ల పక్కన నిలబడ్డప్పుడు గమనించాల్సినవి.

పంపు ఉంటే నిమిషానికి సుమారు 20 మి.లీ. వేగం పెట్టండి. పంపు లేకపోతే సీసాను జంతువు కంటే 120 సెంటీమీటర్ల ఎత్తున వేలాడదీసి, సెలైన్ ఎక్కించే గొట్టాన్నే వాడవచ్చు. ఆ ఎత్తు సుమారు 88 మి.మీ. పాదరస పీడనానికి సమానం. ఏ పద్ధతైనా, ముందు ఒక నిమిషం కొలజాడీలోకి వదిలి వేగం కొలవండి. గొట్టంలో గాలి బుడగ ఒక్కటి కూడా ఉండకూడదు. బుడగ వెళ్లి సన్నటి రక్తనాళంలో ఇరుక్కుంటే, దాని అవతలి భాగానికి మందు అందదు.

క్రమం:

1. జంతువుకు లోతైన మత్తు వచ్చిందని నిర్ధారించండి. కాలి వేలు గట్టిగా నొక్కినా కాలు లాక్కోకూడదు. చిన్న స్పందన ఉన్నా ఆగాలి. ఇది జంతువు పట్ల మన బాధ్యత, ఇందులో తొందర పనికిరాదు.
2. ఛాతీ తెరిచాక 16 లేదా 18 నంబరు మొద్దు సూదిని గుండె ఎడమ కింది గది అయిన వెంట్రికిల్‌లోకి పంపి బిగించాలి.
3. గుండె కుడి పై గది అయిన ఏట్రియంకు గంటు పెట్టి వెంటనే సెలైన్ వదలాలి. బయటికి వచ్చే ద్రవం రంగు లేకుండా అయ్యేదాకా, సుమారు 150 మి.లీ.
4. గాలి చొరబడకుండా గొట్టాన్ని ఫిక్సేటివ్‌కు మార్చాలి. 300 మి.లీ. పోవడానికి 15 నిమిషాలు పడుతుంది.

సరిగ్గా జరుగుతోందని చెప్పే గుర్తులు: కాలేయం ఎరుపు పోయి లేత గోధుమ రంగుకు వస్తుంది. ఫిక్సేటివ్ వెళ్లగానే కాళ్లు, తోక అదురుతాయి. చివరికి తోక కర్రలా బిగుసుకుంటుంది.

ముక్కులోంచి ద్రవం వస్తుంటే సూది కుడి వైపుకు పొడుచుకుపోయి ద్రవం ఊపిరితిత్తుల్లోకి వెళ్తోందని అర్థం. సూదిని కొద్దిగా వెనక్కి లాగి చూడండి. కాలేయం ఎర్రగానే ఉంటే సూది చోటు మారింది, లేదా ఏట్రియం గంటు చాల్లేదు, లేదా రక్తం గడ్డకట్టింది. ఛాతీ తెరిచిన క్షణం నుంచి సెలైన్ మొదలయ్యేదాకా ఎంత సేపు పట్టిందో గడియారం చూసి సెకన్లలో రాయండి. ఒక నిమిషం లోపు ఉండాలి. ఆరు నెలల తర్వాత ఒక జంతువు స్లైడ్లు మాత్రం తేడాగా కనిపిస్తే, ఎందుకని వెదకడానికి ఆ అంకె ఒక్కటే ఆధారం కావచ్చు.

## 5. మెదడు తీయడం, ఊరబెట్టడం

పుర్రెను వెనుక రంధ్రం దగ్గర మొదలుపెట్టి ముందుకు తుంచుకుంటూ రండి. పరికరం మొన ఎప్పుడూ పైకే చూడాలి. మెదడు మీది డ్యూరా పొరను పూర్తిగా తీసేయాలి. అది పైకి చాలా పల్చగా కనిపిస్తుంది గాని మెదడును ఎత్తేటప్పుడు బ్లేడులా కోస్తుంది. చివరగా ఆల్ఫాక్టరీ బల్బులు వదులు చేసి, అడుగునున్న కంటి నరాలు కత్తిరించి, సొంత బరువుకే జారనివ్వండి.

మంచి మెదడు లేత మీగడ రంగులో, ఎర్ర గీతలు లేకుండా, ఉడికిన గుడ్డు తెల్లసొనలా బిగువుగా ఉంటుంది. గులాబీ రంగులో మెత్తగా ఉంటే పర్ఫ్యూజన్ సగమే జరిగింది. నోట్‌బుక్‌లో "బాగాలేదు" అని అప్పుడే రాయండి. తర్వాత ఫలితం చూసి రాస్తే అది పక్షపాతం అవుతుంది.

ఎలుక మెదడు సుమారు 2 గ్రాములు. దానికి ఇరవై రెట్లు, అంటే 40 మి.లీ. ఫిక్సేటివ్‌లో 4 డిగ్రీల్లో రాత్రంతా ఉంచండి. 24 గంటలు దాటనివ్వకండి. అతిగా ఫిక్స్ అయితే ప్రోటీన్లు ఒకదానికొకటి ముడిపడి, యాంటీబాడీ పట్టుకోవాల్సిన చోటు దాక్కుంటుంది. శుక్రవారం పర్ఫ్యూజన్ చేసి సోమవారం చూసుకుందామనే ప్రణాళిక ఇక్కడే దెబ్బతింటుంది. సోమ, మంగళ, బుధవారాల్లోనే చేయండి.

తర్వాత 0.1 మోలార్ ఫాస్ఫేట్ బఫర్‌లో చేసిన 15 శాతం సుక్రోజ్‌లో ఒక రోజు, ఆపైన 30 శాతం సుక్రోజ్‌లో ఉంచాలి. మెదడు మొదట తేలుతుంది. చక్కెర లోపలికి చేరాక అడుగుకు మునుగుతుంది, రెండు మూడు రోజులు పడుతుంది. రోజులు లెక్కపెట్టడం కాదు, మునిగిందా లేదా అన్నదే కొలత. బూజు రాకుండా 0.02 శాతం సోడియం అజైడ్ వేస్తే, ఆ సంగతి సీసా మీదే రాయండి. ఎందుకో 8వ భాగంలో తెలుస్తుంది.

## 6. గడ్డకట్టించడం

మెదడు నెమ్మదిగా గడ్డకడితే లోపలి నీరు పెద్ద మంచు స్ఫటికాలుగా మారి కణజాలాన్ని చీలుస్తుంది. సెక్షన్ జల్లెడలా చిల్లులు పడుతుంది. దీనికి తర్వాత చేయగలిగిందేమీ లేదు.

వేగంగా గడ్డకట్టించడానికి ఐసోపెంటేన్‌ను డ్రై ఐస్‌తో (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్‌తో) మైనస్ 40, మైనస్ 50 డిగ్రీల మధ్యకు చల్లబరిచి, అందులో మెదడును సుమారు ఒక నిమిషం ముంచుతారు. ఐసోపెంటేన్ 28 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. వరంగల్‌లో మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో సీసా మూత తీస్తే ఉప్పెనలా పైకి పొంగవచ్చు. ఆవిరికి నిప్పురవ్వ తగిలినా మండుతుంది. సీసాను ముందుగా చల్లబరచండి, ఉదయం పూటే పని ముగించండి, చుట్టుపక్కల బర్నర్ ఉండకూడదు. మామూలు ఇంటి ఫ్రిజ్‌లో దాచకూడదు, దాని లోపలి స్విచ్చుల నుంచి రవ్వ పుట్టవచ్చు.

డ్రై ఐస్ హైదరాబాద్ నుంచి తెప్పించుకుంటే దారి పొడవునా ఆవిరవుతూనే ఉంటుంది. మందపాటి థర్మోకోల్ పెట్టెలో, కావలసిన దానికి రెట్టింపు తెప్పించి, వచ్చిన రోజే వాడండి. పెట్టె మూత గాలి ఆడకుండా బిగిస్తే పగులుతుంది. కారు అద్దాలన్నీ మూసి తీసుకురావడం ప్రమాదం, వాయువు నిండితే ఊపిరి ఆడదు.

డ్రై ఐస్ దొరకని రోజు పశువుల కృత్రిమ గర్భధారణకు వాడే లిక్విడ్ నైట్రోజన్ గుర్తొస్తుంది. దాన్ని వాడవచ్చు, కానీ మెదడును నేరుగా అందులో వేయకండి. మెదడు చుట్టూ ఆవిరి పొర ఏర్పడి చల్లదనం సమంగా అందదు, పైభాగం ముందు బిగిసి పగుళ్లు వస్తాయి. ఐసోపెంటేన్ ఉన్న స్టీలు గిన్నెను నైట్రోజన్‌లో ఆనించి, ఆ ఐసోపెంటేన్‌ను చల్లబరచండి.

ముంచే ముందు చేయాల్సిన చిన్న పని: మెదడు మీది సుక్రోజ్ తడిని ఫిల్టర్ పేపర్‌తో అద్దండి. కుడి అర్ధగోళం కింది కార్టెక్స్‌లో సన్నటి సూదితో ఒక చిల్లు పెట్టండి. సెక్షన్ బోర్లా పడ్డా కుడి ఏదో ఎడమ ఏదో తెలుస్తుంది.

## 7. క్రయోస్టాట్ మీద కోత

క్రయోస్టాట్ అంటే చల్లటి ఛాంబర్‌లో సెక్షన్లు కోసే యంత్రం. ఛాంబర్ మైనస్ 20 డిగ్రీలు. గడ్డకట్టిన మెదడు బ్లాకును కనీసం అరగంట లోపలే ఉంచి, ఆ వేడికి రానివ్వండి. కరెంటు కోత ఉండే రోజున ముందే తెలుసుకోండి. యూపీఎస్ లేని క్రయోస్టాట్ గంట సేపు ఆగితే, మళ్లీ స్థిరపడటానికి గంటలు పడుతుంది. వానాకాలంలో మూత ఎక్కువసార్లు తీస్తే బ్లేడు హోల్డర్ మీద మంచు పేరుకుంటుంది.

బ్లాకును ముట్టుకునే ప్రతిసారీ చక్రం తాళం వేయండి, బ్లేడు కవచం దించండి. క్రయోస్టాట్ గాయాలు ఈ రెండూ మరిచినప్పుడే అవుతాయి.

కోత చెడితే చూడాల్సినవి:

- సెక్షన్ పొడిపొడిగా పగిలితే మరీ చల్లగా ఉంది. మైనస్ 18కి తెండి.
- ముద్దగా బ్లేడుకు అంటుకుంటే వేడెక్కింది. మైనస్ 22కి దించి పదిహేను నిమిషాలు ఆగండి.
- నిలువు గీతలు ఒకే చోట వస్తుంటే బ్లేడు అంచు గంటు పడింది. బ్లేడును పక్కకు జరపండి.
- ఒకటి మందం, ఒకటి పల్చన వస్తుంటే ఎక్కడో మర వదులైంది. బ్లేడు, బ్లాకు, హోల్డర్ మూడింటినీ బిగించండి.
- చుట్టుకుపోతుంటే యాంటీరోల్ ప్లేటు అంచును బ్లేడు అంచుతో సరిచేయండి.

సెక్షన్లను ఎత్తడానికి స్టేషనరీ దుకాణంలో దొరికే సున్నా నంబరు మెత్తటి బ్రష్షు చాలు. 24 గుంతల ప్లేటులో మొదటి సెక్షన్ ఒకటో గుంతలో, రెండోది రెండో గుంతలో, అలా ఆరు దాకా వేసి, ఏడోది మళ్లీ ఒకటో గుంతలో వేయండి. దీనివల్ల ప్రతి గుంతలోనూ 240 మైక్రాన్ల ఎడంతో హిప్పోక్యాంపస్ (జ్ఞాపకాలతో ముడిపడిన మెదడు భాగం) మొత్తం ఉంటుంది. డోర్సల్ హిప్పోక్యాంపస్ సుమారు 2.7 మి.మీ. పొడవు అనుకుంటే 67 సెక్షన్లు వస్తాయి, గుంతకు 11 చొప్పున. ఒక గుంత పని చెడినా ఇంకా అయిదు ఉంటాయి.

నిలవకు 30 శాతం ఇథిలీన్ గ్లైకాల్, 30 శాతం గ్లిసరాల్ కలిపిన 0.1 మోలార్ ఫాస్ఫేట్ బఫర్‌లో మైనస్ 20 డిగ్రీలు. ఆ ద్రావణం గడ్డకట్టదు, సెక్షన్లు నెలల తరబడి బాగుంటాయి.

ఫ్రీజర్‌లో ఇంకో ఏర్పాటు చేసుకోండి. చిన్న గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి మీద రూపాయి బిళ్ల పెట్టండి. సెలవుల తర్వాత వచ్చి చూసేసరికి బిళ్ల మంచులోకి దిగి ఉంటే, మీరు లేనప్పుడు కరెంటు పోయి ఫ్రీజర్ కరిగిందని అర్థం. అందులోని యాంటీబాడీలను పరీక్షించకుండా వాడకండి.

## 8. రంగు వేయడం

"గది ఉష్ణోగ్రత" అని ప్రోటోకాల్‌లో రాసి ఉంటే దాన్ని 22 నుంచి 25 డిగ్రీలుగా చదవండి. మన గది ఏప్రిల్, మే నెలల్లో 35 దాటుతుంది. ఆ వేడిలో డీఏబీ రంగు త్వరగా ఎక్కి, నేపథ్యమంతా గోధుమ రంగు పరుచుకుంటుంది. ఏసీ గదిలో చేయండి. గది వేడి ఎంతో ప్రతిసారీ రాయండి. జనవరి స్లైడ్లనూ మే స్లైడ్లనూ పోల్చి గ్రూపుల మధ్య తేడా చెప్పకండి. పోల్చాల్సిన గ్రూపులన్నీ ఒకే రోజు, ఒకే ప్లేటులో, ఒకే ద్రావణంతో సాగాలి.

యాంటీబాడీ ఆర్డరు వారం మొదట్లోనే పార్సిల్ బయల్దేరేలా పెట్టండి. దసరా, బతుకమ్మ సెలవులు, మేడారం జాతర రోజులు తప్పించండి. జాతర రద్దీలో బండ్లు ఆగిపోతే ఐస్ ప్యాకులు కరిగిపోతాయి. వచ్చిన వెంటనే 10 మైక్రోలీటర్ల చొప్పున చిన్న ట్యూబుల్లో పంచి, దానంతట అదే మంచు కరిగించుకునే రకం ఫ్రీజర్‌లో కాకుండా మామూలు ఫ్రీజర్‌లో పెట్టండి.

మొదటి రోజు

1. ఫాస్ఫేట్ బఫర్డ్ సెలైన్‌తో 10 నిమిషాల చొప్పున మూడు కడుగులు. క్రయోప్రొటెక్టెంట్ (సెక్షన్లు నిలవ ఉంచిన గ్లైకాల్, గ్లిసరాల్ ద్రావణం) పూర్తిగా పోవాలి.
2. 0.3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, 30 నిమిషాలు. 30 శాతం సీసా నుంచి 1 మి.లీ. తీసి 99 మి.లీ. బఫర్ కలపాలి. కణజాలంలో సహజంగా ఉండే పెరాక్సిడేజ్‌ను ఇది అణిచేస్తుంది. పాత సీసా బలం తగ్గి ఉంటుంది, తెరిచిన తేదీ దాని మీదే రాయండి.
3. మూడు కడుగులు.
4. 5 శాతం మేక సీరం, 0.3 శాతం ట్రైటాన్ ఎక్స్-100 ఉన్న బఫర్‌లో ఒక గంట. యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అంటకుండా చేసే ఈ దశే బ్లాకింగ్. ట్రైటాన్ జిగటగా ఉంటుంది. 10 శాతం స్టాక్ చేసి పెట్టుకుంటే కొలత తప్పదు.
5. కుందేలులో తయారైన జీఎఫ్ఏపీ యాంటీబాడీ (ఇదే ప్రైమరీ) 1:1000 పలచన, 4 డిగ్రీల్లో రాత్రంతా, నెమ్మదిగా ఊగే షేకర్ మీద.

లెక్క ఎలా వేయాలంటే: 24 గుంతలు, గుంతకు 300 మైక్రోలీటర్లు, మొత్తం 7.2 మి.లీ. అంచుకు కొంత కలిపి 8 మి.లీ. చేయండి, యాంటీబాడీ 8 మైక్రోలీటర్లు. ఒక మైక్రోలీటరు కంటే తక్కువ తీయాల్సి వస్తే ముందు పదింతలు పలచన చేసుకోండి. అంత చిన్న కొలతలో పిపెట్ తప్పు పెద్దదవుతుంది.

రెండు గుంతలకు ప్రైమరీ యాంటీబాడీ వేయకండి, మిగతావన్నీ చేయండి. అది కంట్రోల్. అది లేని స్లైడుతో ఏదీ రుజువు కాదు.

రెండో రోజు

1. మూడు కడుగులు.
2. బయోటిన్ తగిలించిన, కుందేలు యాంటీబాడీని గుర్తించే సెకండరీ 1:200, రెండు గంటలు.
3. ఇది వేసిన గంటన్నరకు ఏబీసీ ద్రావణం (బయోటిన్‌ను పట్టుకునే ఎవిడిన్, రంగు తెప్పించే పెరాక్సిడేజ్ ఎంజైము ఉన్నది) కలిపి పెట్టండి. ఎ, బి భాగాలు కలిపాక 30 నిమిషాలు ఆగితేనే సముదాయం ఏర్పడుతుంది.
4. మూడు కడుగులు. ఏబీసీలో ఒక గంట. మళ్లీ మూడు కడుగులు.
5. డీఏబీ: 10 మి.లీ. బఫర్‌లో 5 మి.గ్రా. వాడబోయే ముందు 30 శాతం పెరాక్సైడ్ 3.3 మైక్రోలీటర్లు. ఒక గుంతను మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తూ సమయం తేల్చండి. రెండు నుంచి ఎనిమిది నిమిషాల మధ్య ఉంటుంది. తేలిన సమయాన్నే మిగతా అన్ని గుంతలకూ స్టాప్‌వాచ్‌తో పాటించండి.
6. చల్లటి బఫర్‌తో ఆపండి.

అజైడ్ సంగతి ఇక్కడికి వస్తుంది. సోడియం అజైడ్ పెరాక్సిడేజ్ పని ఆపేస్తుంది. సుక్రోజ్ నుంచో నిలవ బఫర్ నుంచో ఏబీసీ దశ దాకా అది మిగిలి ఉంటే రంగే రాదు, అన్నీ సరిగ్గానే చేశామని తల పట్టుకుంటారు. ఏబీసీలో, ఆ తర్వాత వాడే బఫర్లలో అజైడ్ ఎక్కడా ఉండకూడదు.

డీఏబీ క్యాన్సర్ కారకమని అనుమానం ఉన్న పదార్థం. వాడిన ద్రావణం, పిపెట్ టిప్పులు విడి సీసాలో పోగు చేసి రసాయన వ్యర్థాలకు ఇవ్వండి. సింకులో పోయకండి.

## 9. స్లైడు

జెలటిన్ పూసిన స్లైడు మీద బ్రష్షుతో సెక్షన్ పరిచి, రాత్రంతా ఆరనివ్వండి. తర్వాత 70, 95, 100 శాతం ఆల్కహాల్, ఆపైన జైలీన్ రెండుసార్లు, ఒక్కోటి మూడు నిమిషాలు. డీపీఎక్స్ (కవర్‌స్లిప్ అతికించే జిగురు) చుక్క వేసి కవర్‌స్లిప్ ఒక అంచు నుంచి వాల్చండి. జైలీన్‌లో పెట్టగానే పాలలా మసకబారితే నీరు మిగిలింది. వెనక్కి 100 శాతానికి తెచ్చి మళ్లీ సాగండి. వానాకాలంలో తెరిచి ఉంచిన ఆల్కహాల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది, జాడీ మార్చాల్సిందే.

## 10. తప్పు కనిపించినప్పుడు ఎక్కడ వెదకాలి

జీఎఫ్ఏపీ ఆస్ట్రోసైట్లలో ఉంటుంది, నక్షత్రాల్లా కొమ్మలు చాచి కనిపిస్తాయి. ఏ ఎలుక మెదడులోనైనా హిప్పోక్యాంపస్‌లో, కార్పస్ కెలోసమ్‌లో ఉండి తీరాలి. కాబట్టి ఏ చికిత్సా ఇవ్వని మామూలు ఎలుక మెదడులో కూడా అవి కనపడకపోతే లోపం పద్ధతిదే.

ఎక్కడా రంగు లేదు. ముందు డీఏబీ, పెరాక్సైడ్ పనిచేస్తున్నాయా చూడండి. చిన్న ట్యూబులో డీఏబీ ద్రావణం తీసి ఒక చుక్క ఏబీసీ వేస్తే గోధుమ రంగు రావాలి. వచ్చిందంటే ఏబీసీ నుంచి వెనక్కి వెదకండి. సెకండరీ, ప్రైమరీ తయారైన జాతిని గుర్తించేదేనా, ప్రైమరీ కరిగి మళ్లీ గడ్డకట్టిందా, చివరగా ఫిక్సేషన్ ఎక్కువైందా. చివరిది అయితే 10 మిల్లీమోలార్ సిట్రేట్ బఫర్, పీహెచ్ 6.0లో 80 డిగ్రీల వద్ద 30 నిమిషాలు ఉంచి, చల్లార్చి మళ్లీ ప్రయత్నించండి.

అంతా గోధుమ రంగు, కంట్రోల్‌లో కూడా. పెరాక్సైడ్ దశ పనిచేయలేదు, లేదా సెకండరీ ఎక్కువైంది, లేదా డీఏబీ సమయం మించింది.

కంట్రోల్ తేటగా ఉంది, మిగతావి మురికిగా ఉన్నాయి. ప్రైమరీ ఎక్కువ. 1:1000, 1:2000, 1:4000 ఒకే రోజు పోల్చి చూడండి.

రక్తనాళాల ఆకారంలో ముదురు చుక్కలు. ఎర్రకణాలు మిగిలాయి, వాటిలో సొంత పెరాక్సిడేజ్ చర్య ఉంటుంది. పర్ఫ్యూజన్ రోజు పేజీ తెరిచి సెలైన్ ఎంత పోయిందో, కాలేయం రంగు ఏమని రాశారో చూడండి.

చిల్లులు. సుక్రోజ్‌లో మునిగిందా, గడ్డకట్టడానికి ఎంత సేపు పట్టింది. రంగు దశలో దీనికి మందు లేదు.

అంచులు ముదురు, మధ్య లేత. సెక్షన్లు ఒకదాని మీద ఒకటి అతుక్కుని ఉన్నాయి. రంగు వేసేటప్పుడు గుంతకు ఆరు సెక్షన్లకు మించి వేయకండి, షేకర్ ఆగిందేమో చూడండి.

ఒకసారికి ఒక్క మార్పే చేయండి. యాంటీబాడీ పలచన, బ్లాకింగ్ సమయం, డీఏబీ మూడూ ఒకేసారి మార్చి రంగు వస్తే, ఏది పనిచేసిందో తెలియదు. వచ్చే నెల మళ్లీ రాకపోతే మొదటికొస్తారు.

ప్రతి మెదడుకూ నోట్‌బుక్‌లో ఉండాల్సినవి:

- జంతువు కోడ్, బరువు, ఆమోదం నంబరు
- ఛాతీ తెరిచినప్పటి నుంచి సెలైన్ దాకా సెకన్లు, సెలైన్, ఫిక్సేటివ్ పరిమాణాలు, కాలేయం రంగు
- ఫిక్సేటివ్ చేసిన తేదీ, పీహెచ్, ఊరిన గంటలు
- సుక్రోజ్‌లో మునిగిన తేదీ, అజైడ్ ఉందా లేదా
- గడ్డకట్టిన పద్ధతి, వేడి, ఛాంబర్ వేడి, బ్లేడు మార్చిన సమయం
- యాంటీబాడీ లాట్ నంబరు, పలచన, ఎన్నిసార్లు కరిగింది
- గది వేడి, డీఏబీ నిమిషాలు సెకన్లతో సహా
- కరెంటు పోయిన సమయం, ఎంత సేపు

గ్రూపు కోడ్ తెలిసినవాళ్లు స్లైడ్లు లెక్కించకూడదు. మీరే కోసి, మీరే రంగు వేస్తే, కోడ్ పట్టిక వేరొకరి దగ్గర తాళం వేసి ఉంచమనండి. లెక్క పూర్తయ్యాక మాత్రమే తెరిపించండి.